లేని రాజుల చరిత్ర ఎందుకు చదవాలి?



ముప్ఫైయేళ్ళకు పైగా బడిలో తెలుగు పాఠం చెప్పి ఇంటికి చేరినవాణ్ణి. పద్యం, ఛందస్సు, వ్యాకరణం దాటి బయటికి పెద్దగా పోయినవాణ్ణి కాను. అటువంటి నేను ఈ వయస్సులో ఒక ఆంగ్ల నవల చివరనున్న అనుబంధాల గురించి, అందులోనూ ఎన్నడూ పుట్టని రాజుల గురించి, ఎక్కడా జరగని యుద్ధాల గురించి వ్రాయబూనడం మీకు వింతగా తోచవచ్చు. నాకూ వింతగానే ఉన్నది. కాని చాలాకాలంగా మనస్సులో ముల్లులా ఉన్న ఒక సంగతి చెప్పుకొంటే తప్ప ఈ వ్యాసం మొదలుకాదు.

ఎన్నో ఏళ్ళ క్రిందటి మాట. తొమ్మిదవ తరగతిలో పద్యభాగం చెబుతున్నాను. వెనుక వరుసలో ఒక పిల్లవాడు తల వంచుకొని ఏదో గీస్తున్నాడు. వెళ్ళి నోటుపుస్తకం లాక్కొన్నాను. రెండు పుటల నిండా ఒక దేశపటం. నదులు, కొండలు, కోటలు, వాటన్నిటికీ పేర్లు. తరువాతి పుటలో ఒక వంశవృక్షం. పక్కన యుద్ధాలు, వాటి సంవత్సరాలు. "ఏ పురాణంలో రాజులురా వీళ్ళు?" అని అడిగాను. "ఏ పురాణంలోనూ లేరు మాస్టారూ, నేనే పుట్టించాను" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. "ఉన్న రాజుల పేర్లే నోటికి రావు, లేని రాజులెందుకురా నీకు?" అని ఆ కాగితాలు చించి కిటికీలోనుంచి పారవేశాను. చించేముందు నా కంటబడిన ఒక వాక్యం మాత్రం ఇప్పటికీ గుర్తున్నది. వంశవృక్షంలో ఇద్దరు అన్నదమ్ముల పేర్ల క్రింద ఆ పిల్లవాడు వ్రాసుకొన్నాడు: "ఇక్కడినుంచి రాజ్యం పాడయింది."

ఆనాడు నేను చేసిన పనికి నా చదువులోనే సమర్థన ఉన్నదనుకొన్నాను. అలంకారశాస్త్రం ఇతివృత్తాన్ని మూడు విధాలుగా విభజించింది: ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం. పదహారవ శతాబ్దపు రామరాజభూషణుడు వసుచరిత్ర అవతారికలో వీటిని రత్నాలతో పోల్చాడు. ఆయన లెక్కలో పూర్వకథలు గనిలో పుట్టినట్టి రత్నాలు. కవి కల్పన తోడైన పూర్వకథలు సానబెట్టిన జాతిరత్నాలు. ఉత్త కల్పనలు మాత్రం కృత్రిమ రత్నాలు. విద్వాన్ పరీక్షకు చదివిన రోజుల్లో ఈ తూకం నాకు వేదవాక్యం. ఆ శతాబ్దంలోనే పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని తన సొంత కల్పనతో నిర్మించాడని పాఠం చెబుతూనే ఉన్నాను గాని, ఆ సంగతి ఈ తూకానికి ఎదురు నిలుస్తున్నదని ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఉద్యోగ విరమణ తరువాత ఒక వేసవిలో మా మనవడు జె. ఆర్. ఆర్. టోల్కీన్ వ్రాసిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' తెచ్చి, "తాతయ్యా, ఇందులో యుద్ధాలు బాగుంటాయి, చదవండి" అన్నాడు. నా ఆంగ్లం అంతంతమాత్రం. నిఘంటువు పక్కన పెట్టుకొని నెలల తరబడి చదివాను. కథ చివరికి వచ్చాక అనుబంధాలు కనబడినవి. రాజుల పట్టికలు, పాలించిన సంవత్సరాలు, వంశక్రమం, యుద్ధాల తేదీలు. అవి చూడగానే నాకు ఆ చించిన కాగితాలు జ్ఞాపకం వచ్చినవి. మనవడు వదిలివేసిన ఆ పుటలనే నేను మూడుసార్లు చదివాను.

టోల్కీన్ (1892–1973) ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీనాంగ్ల భాషకు ఆచార్యుడు. అంటే ఒక విధంగా మన పండితుల జాతివాడే. శబ్దవ్యుత్పత్తి ఆయన వృత్తి. ముందు భాషలు కల్పించాడు, ఆ భాషలు మాట్లాడే జనం కోసం చరిత్ర కల్పించాడు. 1916లో మొదటి ప్రపంచయుద్ధంలో సోమ్ రణరంగంలో పోరాడి, కందకాల జ్వరంతో స్వదేశం చేరాడు. ఆ తరువాత ఆయన వ్రాసిన తొలి కథలలో ఒకటి ఒక మహానగరం శత్రువుల చేతిలో కూలిపోవడం. 1918 నాటికి తన ఆప్తమిత్రులలో ఒక్కడు తప్ప అందరూ మరణించారని తరువాతి ముద్రణకు వ్రాసిన ముందుమాటలో చెప్పుకొన్నాడు. నవల మూడు సంపుటాలుగా 1954–55లో వెలువడింది. ఈ నేపథ్యం తెలియకపోతే ఆ యుద్ధాలు ఉత్త వినోదమనే అనిపిస్తుంది.

ఇక ఆ రాజుల సంగతి. ఆ చరిత్ర చదివితే నాకు స్పష్టంగా తెలిసినది ఒకటే. అక్కడ ఏ రాజ్యమూ కేవలం యుద్ధంలో ఓడినందువల్ల నశించలేదు. రాజ్యం ముందే లోపల కుళ్ళుతుంది. యుద్ధం తరువాత వచ్చి బాకీ వసూలు చేసుకొనిపోతుంది.

మొదట నూమెనోర్ ద్వీపం. దీర్ఘాయువు గల మానవుల రాజ్యం. తొలిరాజు ఎల్రోస్ 500 ఏళ్ళు జీవించి, తన వేళ వచ్చినదని ఎరిగి ప్రాణాన్ని తానే అప్పగించాడు. తరువాత తరాలకు ఆయుస్సు ఎంత ఉన్నా చాలలేదు. అటనమిర్ అనే రాజు సింహాసనాన్నీ ప్రాణాన్నీ పట్టుకొని వ్రేలాడి, మతి పోయినదాకా బ్రతికాడు. చావంటే భయం పెరిగిన కొద్దీ పరరాజ్యాల మీద ఆశ పెరిగింది. కడపటి రాజు ఆర్-ఫరజోన్, న్యాయంగా రాణి కావలసిన తన పెదతండ్రి కూతురిని బలవంతంగా పెళ్ళాడి సింహాసనం లాక్కొన్నాడు. అతని దండు చూసి సౌరన్ సైన్యాలు పారిపోయినవి. సౌరన్ బందీ అయినాడు. లోకదృష్టిలో అంతకంటె గొప్ప విజయం లేదు. కాని బందీగా వచ్చినవాడు కొద్దికాలంలోనే మంత్రాంగం నడిపేవాడైనాడు. రెండవ యుగం 3319లో, అమరత్వం గెలుచుకొందామని దేవతల భూమి మీదికి నావలు నడిపిన ఆ రాజు, అతని దండు, అతని దేశం సర్వమూ నశించినవి. ద్వీపాన్ని సముద్రం మింగింది.

ఇక్కడ ఒక వ్యాకరణ పండితుడికి మాత్రమే కనబడే రుచి ఉన్నది. నూమెనోర్ రాజులు తొలుత దివ్యజాతివారి భాషలో పట్టాభిషేక నామం ధరించేవారు. ఆ జాతి మీద అసూయ ముదిరిన తరువాత ఒకరాజు తన దేశభాషలో పేరు పెట్టుకొన్నాడు. తరువాత వచ్చిన మరొక రాజు ఆ దివ్యభాషనే నిషేధించాడు. ఏ యుద్ధమూ వర్ణించకుండా, రాజుల పేర్ల వరుస చూపించి వంశం ఎటు దిగజారుతున్నదో తెలియజేశాడు గ్రంథకర్త. శబ్దం తెలిసినవాడు వ్రాసిన చరిత్ర అట్లా ఉంటుంది.

ఆ ప్రళయంనుంచి తొమ్మిది నావలతో తప్పించుకొన్న ఎలెండిల్, అతని కొడుకులు ఇసిల్దూర్, అనారియన్ ఖండం మీద ఆర్నోర్, గోండోర్ రాజ్యాలు స్థాపించారు. సౌరన్ మీద కడపటి కూటమి కట్టి, ఏడేళ్ళు కోట ముట్టడించి, 3441లో గెలిచారు. గెలుపు ఖరీదు చూడండి: అనారియన్ ముట్టడిలోనే పోయినాడు, ఎలెండిల్ చివరి పోరులో పోయినాడు. మిగిలిన ఇసిల్దూర్ శత్రువు ఉంగరాన్ని నాశనం చేయక, తండ్రికీ తమ్ముడికీ పరిహారమని తనకే ఉంచుకొన్నాడు. రెండేళ్ళు తిరగకుండా తానూ ముగ్గురు కొడుకులూ దారిలో హతమైనారు.

ఉత్తరరాజ్యం ఆర్నోర్ సంగతి మరీ చిన్న కథ. మూడవ యుగం 861లో రాజు మరణించాడు. ముగ్గురు కొడుకులు తగవుపడి రాజ్యాన్ని మూడు ముక్కలు చేసుకొన్నారు. ఆ తరువాత శత్రువు ఆ పక్కనే రాజ్యం స్థాపించి, ముక్కలను ఒకదాని తరువాత ఒకటి తీరుబడిగా మింగాడు. 1974లో కడపటి ముక్క రాజధాని పడిపోయింది. మొత్తం వెయ్యేళ్ళు పట్టింది గాని, అసలు ఓటమి 861లోనే జరిగిపోయింది.

గోండోర్ కథ నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆపింది. వలకార్ అనే రాజకుమారుడు ఉత్తరదేశంలో రాయబారిగా ఉండి అక్కడి దొర కూతురు విదుమవిని పెళ్ళాడాడు. వారి కొడుక్కు రెండు పేర్లు: తల్లి భాషలో వినిథర్య, తండ్రి భాషలో ఎల్డకార్. తండ్రి పోయిన తరువాత ఎల్డకార్ రాజయ్యాడు. కులీనులు సహించలేదు. పరాయి రక్తం కలిస్తే రాజవంశపు దీర్ఘాయువు తగ్గుతుందని వారి వాదం. నౌకాదళాధిపతి కాస్టమిర్ తిరుగుబాటు చేసి 1437లో రాజధాని ఒస్గిలియత్‌ను ముట్టడించాడు. నగరం తగులబడింది. ఎల్డకార్ పెద్దకొడుకు పట్టుబడి వధింపబడ్డాడు. పదేళ్ళ తరువాత ఎల్డకార్ తల్లివైపు బంధువుల బలంతో తిరిగివచ్చి కాస్టమిర్‌ను తన చేతితో చంపాడు. కాస్టమిర్ కొడుకులు దక్షిణాన ఉంబార్ రేవుకు పారిపోయినారు. ఆ పగ అక్కడ ఆరలేదు. 1634లో కాస్టమిర్ మునిమనుమలు దండెత్తివచ్చి అప్పటి రాజును చంపారు.

అంతా చెప్పి, గ్రంథకర్త మధ్యలో ఎక్కడో ఒక్క ముక్క అంటాడు: ఎల్డకార్ తన తండ్రికంటె త్వరగా ముసలివాడు కాలేదని. అంతే. ఏ భయంతో నగరం కాల్చారో, ఏ భయంతో పిల్లవాణ్ణి చంపారో, ఆ భయమే అబద్ధం. దానిమీద వ్యాఖ్యానం లేదు, ఉపన్యాసం లేదు. నేను అక్కడ పుస్తకం మూసి కొంతసేపు ఊరకే కూర్చొన్నాను.

ఆ వంశం ఎట్లా ముగిసినదీ చూడండి. కడపటి రాజు ఎయర్నూర్ మహావీరుడు. పెళ్ళి చేసుకోలేదు; కత్తిసాము తప్ప వేరు సంతోషం లేదు. శత్రువుల నాయకుడు ద్వంద్వయుద్ధానికి రమ్మని ఎగతాళిగా కబురంపాడు. ఒకసారి మంత్రి ఆపాడు. 2050లో రెండవసారి కబురు వచ్చినప్పుడు ఆగలేదు. కొద్దిమంది అనుచరులతో శత్రువు కోటలోకి పోయి తిరిగి రాలేదు. ఆ తరువాత 969 ఏళ్ళు గోండోర్‌కు రాజు లేడు. మంత్రి వంశంవారు సింహాసనం ఖాళీగా ఉంచి, దాని మెట్టు క్రింద కూర్చొని పాలించారు. పౌరుషమని మనం బడిలో పొగిడే గుణమే అక్కడ వంశాన్ని ముగించింది.

ఈ పతనానికి కారణం నవలలో ఫరామిర్ అనే మంత్రికుమారుడు చెబుతాడు. తమ రాజులు బ్రతికినవారి ఇళ్ళకంటె చచ్చినవారి సమాధులను వైభవంగా కట్టుకొన్నారనీ, కన్నకొడుకుల పేర్లకంటె వంశవృక్షంలోని పాతపేర్లను ప్రియంగా చూసుకొన్నారనీ అతని మాటల సారాంశం. ఇది చదివినప్పుడు నాకు మన ఊళ్ళలో, మన సభల్లో, ఫలానా రాజు మావాడంటే మావాడని జరిగే తగవులు కళ్ళకు కట్టినవి. శాసనం చదవడం వచ్చినవాడు ఒక్కడూ అక్కడ ఉండడు. విగ్రహానికి చందా ఇచ్చేవారు వందమంది ఉంటారు.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. మన ప్రబంధకవి రాజాశ్రితుడు. కృతిభర్త ఎదుట కూర్చొని ఉన్నాడు. అవతారికలో ఆయన వంశం సూర్యుడితోనో చంద్రుడితోనో మొదలుకావాలి. తాతముత్తాతల కత్తులకు శత్రురాజుల కిరీటాలు దొర్లాలి. అన్నదమ్ముల తగవును, అబద్ధపు భయాన్ని, కాల్చిన సొంత నగరాన్ని అక్కడ వ్రాయడానికి చోటెక్కడిది? కవిని తప్పుపట్టను, ఆ కాలధర్మం అది. కాని లేని రాజుకు కనకాభిషేకం చేయించుకొనే శక్తి లేదు, కోపగించే శక్తీ లేదు. అతని వారసులు ఊరేగింపు తీయరు. అందువల్ల అతని చరిత్ర వ్రాసేవాడు నిజం చెప్పగలడు. ఏ రాజూ ఇట్లా జీవించలేదు నిజమే. రాజ్యాలు మాత్రం ఇట్లాగే చస్తాయి. కృత్రిమ రత్నమని నేను పారవేసినదాంట్లో ఈ కాంతి ఉన్నది.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. మొదటిది: ఆ గ్రంథంలో శత్రువులకు ముఖాలు లేవు, తూర్పుజనం, దక్షిణజనం గుంపులుగా వచ్చి గుంపులుగా చస్తారు. ఇది నిజమైన లోపమే, దాచను. అయినా గ్రంథకర్తకు ఆ స్పృహ లేకపోలేదు. సామ్ అనే సామాన్యుడు తన పక్కన వచ్చిపడిన దక్షిణదేశపు సైనికుడి శవాన్ని చూసి, ఇతని పేరేమిటో, ఎక్కడివాడో, నిజంగా చెడ్డవాడేనా, ఏ అబద్ధం చెప్పి ఇంతదూరం తీసుకువచ్చారో అనుకొంటాడు. సోమ్ కందకాలలో ఉన్నవాడే వ్రాయగల ఘట్టమది. చివర పట్టాభిషిక్తుడైన అరగార్న్ లొంగిన తూర్పువారిని విడిచిపెట్టి, దక్షిణదేశంతో సంధి చేసి, సౌరన్ బానిసలకు వారు దున్నిన భూములనే ఇచ్చాడు. అయినా ఆ దక్షిణదేశపు రాజుల పట్టిక ఒకటి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. వంశగర్వాన్ని ఇంతగా ఖండించిన గ్రంథం చివరికి ఇసిల్దూర్ వంశాంకురానికే కిరీటం పెట్టింది కదా? పెట్టింది. ఇక్కడ గ్రంథకర్త మనస్సు రెండుగా ఉన్నదనే నా నమ్మకం. కాని ఒకటి గమనించాలి. 3019 మార్చి 25న గెలిపించినది రాజు కత్తి కాదు. రాజు చేసినది, తానూ తన చిన్నదండూ చావుకు సిద్ధపడి శత్రువు చూపును మరల్చడం. అసలు పని కొండమీద ఇద్దరు పొట్టివాళ్ళ వంతు. వారిలో భారం మోసినవాడు కూడా చివరి అడుగులో ఓడిపోయాడు. మునుపు దయతలచి ప్రాణంతో విడిచిన ఒక దౌర్భాగ్యుడివల్ల పని పూర్తయింది. వీరగాథలో ఇటువంటి ముగింపు నేను ఇంకెక్కడా చదవలేదు.

ఇక యుద్ధవర్ణన. పెలెన్నోర్ మైదానంలో రోహన్ ఆశ్వికులు ఆరువేలమంది వచ్చిపడే ఘట్టం చదివితే ఈ వయస్సులోనూ నా ఒళ్ళు గగుర్పొడిచింది, కాదనను. వృద్ధరాజు థియొడెన్ అక్కడే నేలకూలాడు. మగవాడి చేత చావు లేదని పేరుపడిన శత్రునాయకుడు, రాజు మేనకోడలు ఎయోవిన్ చేత, ఒక పొట్టివాడి సాయంతో చచ్చాడు. కాని ఆ అధ్యాయం ముగిసేది విజయోత్సవంతో కాదు. తరువాతికాలపు కవి ఒకడు, ఆ పోరులో పోయినవారి పేర్లు చెప్పి పాడిన పాటతో. మనకూ ఆ మర్యాద తెలియనిది కాదు. పల్నాటి వీరులను కారెంపూడిలో ఇప్పటికీ తలచుకొంటారు. అదీ సవతి అన్నదమ్ముల పోరే. కాని బడిలో నేనేమి చేశాను? పల్నాటి యుద్ధానికి కారణమేమి అని అడిగి, కోడిపందెమని వ్రాస్తే రెండు మార్కులు వేశాను. కోడికంటె ముందు ఆ ఇంట్లో ఏమి జరిగినదని అడగలేదు.

మన తెరమీద కూడా 2015, 2017లలో మాహిష్మతి వచ్చింది. పేరు పురాణాలలోని నగరానిది. రాజులూ యుద్ధాలూ కల్పితం. పిల్లలు ఆ వంశవృక్షాన్ని తప్పులేకుండా చెబుతారు. కోపం తెచ్చుకోకండి. ఏ ఆయుధం ఎవరు విసిరారని కాక, ఆ రాజ్యం ఎక్కడినుంచి పాడయినదని అడగండి. అక్కడా సమాధానం అన్నదమ్ముల దగ్గరే దొరుకుతుంది. ఆ ప్రశ్న అలవాటైన పిల్లవాడు రేపు కాకతీయుల చరిత్ర చదివినా, విజయనగర చరిత్ర చదివినా అదే అడుగుతాడు. గెలిచిన యుద్ధాల పట్టిక వల్లించేవాడికంటె వాడే నిజమైన చరిత్ర విద్యార్థి.

మీలో బడిపంతుళ్ళున్నారు, తల్లిదండ్రులున్నారు, తాతలున్నారు. పాఠం మధ్యలో ఎవరైనా లేని దేశపు పటం గీస్తూ పట్టుబడితే, దయచేసి పుస్తకం చించకండి. తరగతి అయిన తరువాత పక్కన కూర్చోబెట్టుకొని, ఆ రాజులెవరో, ఎందుకు పోట్లాడుకొన్నారో చెప్పమనండి.

ఆ పిల్లవాడు పదవ తరగతి పూర్తిచేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ నాకు కనబడలేదు. ఆ ఇద్దరు అన్నదమ్ములు దేనికోసం తగవుపడ్డారో ఆనాడు అడగనందుకు ఇప్పటికీ చింతిస్తూనే ఉన్నాను.

స్వస్తి.